అరువు తెచ్చుకున్న లయ: ట్రిప్ హాప్ చరిత్ర, వినదగిన కొన్ని ఆల్బమ్‌లు

వైద్య వృత్తిలో ఉన్నవారిలో ‘హౌస్’ అనే అమెరికన్ టీవీ ధారావాహిక పేరు విననివారు తక్కువ. 2004లో మొదలై ఎనిమిదేళ్ళపాటు సాగిన ఆ ధారావాహికకు అమెరికా ప్రసారాలలో ప్రారంభ సంగీతంగా వినిపించింది ‘టియర్‌డ్రాప్’ అనే పాటలోని ఒక భాగం. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరానికి చెందిన మాసివ్ అటాక్ బృందం 1998లో వెలువరించిన ‘మెజనీన్’ ఆల్బమ్‌లోని పాట అది. స్టెతస్కోపులో వినిపించే గుండె జంటచప్పుడును తలపించే లయ ఆ పాటకు పునాది. ఆ పాటలో ఒక అరువు సొమ్ము కూడా ఉంది. లెస్ మెకాన్ అనే అమెరికన్ జాజ్ పియానో వాద్యకారుడు 1973లో తెచ్చిన ‘లేయర్స్’ ఆల్బమ్‌లో ‘సమ్‌టైమ్స్ ఐ క్రై’ అనే రచన ఉంది. అందులోని చిన్న ముక్కను తీసుకుని, పాతికేళ్ళ తరువాత దాని మీద కొత్త పాట కట్టారు.

ఆ ధారావాహికను చూసిన లక్షలాది మందిలో మాసివ్ అటాక్ పేరు తెలిసినవారు కొందరే. లెస్ మెకాన్ దాకా వెళ్ళినవారు మరీ కొద్దిమంది. ట్రిప్ హాప్ అని, డౌన్‌టెంపో అని, చిల్ అవుట్ అని రకరకాల పేర్లతో పిలిచే ఈ నెమ్మది సంగీతం చరిత్ర అంతా ఇలాంటి అరువుల చరిత్రే. ఇక్కడ సాధారణంగా పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కొన్ని ఆల్బమ్‌లను ఎంచుకోవడానికి కారణం, వీటిని కూడా పుస్తకాలలాగే వెనుక ఉన్న గ్రంథాలతో కలిపి చదవవలసి ఉండడం. కాఫీ హోటళ్ళలో సన్నగా మోగే నేపథ్య సంగీతంగా మాత్రమే వీటిని ఎరిగినవారికి, అసలు ఈ నెమ్మదితనం ఎక్కడ పుట్టిందో, ఎవరికి ఎంత బాకీ పడిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఓడరేవు నగరం

బ్రిస్టల్ ఇంగ్లండుకు నైరుతి దిక్కున ఉన్న పాత ఓడరేవు. పదిహేడో శతాబ్దం చివరి నుంచి 1807లో బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించే వరకు ఈ రేవు నుంచి రెండు వేలకు పైగా ఓడలు ఆఫ్రికా తీరానికి వెళ్ళి, అక్కడి మనుషులను బంధించి అట్లాంటిక్ దాటించాయి. అలా తరలించినవారి సంఖ్య ఐదు లక్షలు ఉంటుందని చరిత్రకారుల అంచనా. ఆ వ్యాపారంలో ధనవంతుడైన ఎడ్వర్డ్ కోల్‌స్టన్ పేరు ఆ ఊళ్ళో వీధులకు, బడులకు, చివరకు ప్రధాన సంగీత సభాభవనానికి కూడా పెట్టుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత కరీబియన్ దీవుల నుంచి బ్రిటన్‌కు పనికోసం వచ్చినవారిలో కొందరు ఈ నగరంలోని సెయింట్ పాల్స్ పేటలో స్థిరపడ్డారు. ఒకప్పుడు ఈ రేవు ఓడలే తమ పూర్వీకులను మోసుకుపోయాయి. ఇప్పుడు ఆ సంతతే తిరిగి ఆ రేవుకు చేరింది. వారికి ఎదురైన ఆదరణ ఏపాటిదో 1963 నాటి బస్సు బహిష్కరణ చెబుతుంది. స్థానిక బస్సు సంస్థ నల్లవారిని, ఆసియా వారిని డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకోవడానికి నిరాకరించింది. పాల్ స్టీవెన్‌సన్, రాయ్ హాకెట్ మొదలైనవారి నాయకత్వంలో జనం ఆ బస్సులు ఎక్కడం మానేశారు. నాలుగు నెలల తరువాత ఆగస్టు 28న సంస్థ దిగివచ్చింది. అదే రోజు వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ తన సుప్రసిద్ధ ప్రసంగం చేశారు. బహిష్కరణ ఫలించాక ఆ నగరంలో తెల్లవారు కాని తొలి కండక్టరుగా చేరిన వ్యక్తి రఘుబీర్ సింగ్ అనే సిక్కు. మనవాడనదగిన మనిషి ఒకరు ఈ కథలో ఇంత తొందరగా కనిపించడం చాలామందికి తెలియని సంగతి.

1980 ఏప్రిల్ 2న అదే సెయింట్ పాల్స్‌లో ఒక కాఫీ హోటలు మీద పోలీసులు దాడి చేయడంతో పేట అంతా అట్టుడికింది. ఆ దశాబ్దంలోనే, ఆ పరిసరాలలోనే, మనం మాట్లాడుకోబోయే సంగీతం రూపుదిద్దుకుంది. ఈ నేపథ్యం తెలిశాక, ఆ పాటలలోని నెమ్మదిని కేవలం విశ్రాంతిగా వినడం కష్టమవుతుంది.

పెట్టెల మీద పెట్టెలు

జమైకా నుంచి వచ్చినవారు తమతో తెచ్చుకున్న గొప్ప ఆస్తి సౌండ్ సిస్టమ్. మన ఊళ్ళలో పెళ్ళిపందిరి ముందు మైకుసెట్టు వాళ్ళు నిలబెట్టే స్పీకర్ల గోడను ఊహించుకుంటే చాలు. నల్లవారిని లోపలికి రానివ్వని క్లబ్బులున్న కాలంలో, వీధిలోనో ఇంటి నేలమాళిగలోనో ఆ పెట్టెలు పేర్చుకుని రికార్డులు మోగించుకునేవారు. జమైకాలో కింగ్ టబ్బీ వంటి శబ్దశిల్పులు పాటలోంచి గొంతును తీసేసి, బేస్‌ను, డ్రమ్స్‌ను మాత్రం మిగిల్చి, వాటికి ప్రతిధ్వనులు జోడించే ‘డబ్’ పద్ధతిని కనిపెట్టారు. మందమైన బేస్, మధ్య మధ్య ఖాళీలు, తొందరలేని నడక: ట్రిప్ హాప్‌కు వెన్నెముక ఇక్కడినుంచే వచ్చింది.

1980ల తొలి సంవత్సరాలలో ‘ది వైల్డ్ బంచ్’ అనే మిత్రబృందం బ్రిస్టల్‌లో ఇటువంటి సౌండ్ సిస్టమ్ నడిపింది. వారి రికార్డుల సంచిలో జమైకా రెగ్గే, న్యూయార్కు హిప్ హాప్, అమెరికన్ సోల్, జాజ్, ఇంగ్లండు పంక్ అన్నీ ఉండేవి. ఆ బృందం నుంచి విడివడి మాసివ్ అటాక్‌గా ఏర్పడినవారు ముగ్గురు: గోడల మీద బొమ్మలు వేసే రాబర్ట్ డెల్ నాయా, బార్బడోస్ నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టిన గ్రాంట్ మార్షల్, యువకుడైన ఆండ్రూ వోల్స్. 1991 ఏప్రిల్‌లో వచ్చిన వారి తొలి ఆల్బమ్ ‘బ్లూ లైన్స్’. అప్పటి నృత్యశాలల్లో నిమిషానికి 120 దెబ్బలకు పైబడిన వేగం చెలామణీలో ఉంది. ఈ బృందం పాటలలో ఎక్కువ భాగం ఆ పరుగుకు దూరంగా, నడిచేవాడి అడుగును ఆధారం చేసుకున్నాయి. కాళ్ళకు బదులు తల ఊపే సంగీతం అన్నమాట.

‘బ్లూ లైన్స్’ తొలి పాట ‘సేఫ్ ఫ్రమ్ హార్మ్’. దాని బేస్, డ్రమ్స్ రెండూ బిల్లీ కోబమ్ అనే డ్రమ్స్ విద్వాంసుడు 1973లో తెచ్చిన ‘స్పెక్ట్రమ్’ ఆల్బమ్‌లోని ‘స్ట్రేటస్’ నుంచి వచ్చాయి. కోబమ్ అంతకు ముందు వాయించింది జాన్ మెక్‌లాఫ్లిన్ స్థాపించిన మహావిష్ణు ఆర్కెస్ట్రాలో. ‘బ్లూ లైన్స్’ రెండో పాట ‘వన్ లవ్’కు ఆధారమైన ముక్క ఆ ఆర్కెస్ట్రా 1971లో చేసిన తొలి ఆల్బమ్ లోనిదే. అన్నిటికంటే పేరుపడ్డ ‘అన్‌ఫినిష్డ్ సింపతీ’లో పదేపదే వినిపించే పిలుపు వంటి గొంతు కూడా అదే ఆర్కెస్ట్రా 1976 నాటి ‘ప్లానెటరీ సిటిజన్’ నుంచి తీసుకున్నదే.

ఇక్కడ తెలుగువారు ఒక్క క్షణం ఆగి చూడవలసిన దారి ఒకటుంది. ఇంగ్లండులో పుట్టిన మెక్‌లాఫ్లిన్‌కు మహావిష్ణు అనే పేరు పెట్టింది ఆయన గురువు, బెంగాలీయుడైన శ్రీ చిన్మయ్. మెక్‌లాఫ్లిన్ తరువాత కర్ణాటక, హిందుస్తానీ విద్వాంసులతో ‘శక్తి’ బృందాన్ని కట్టారు. దశాబ్దాల తరువాత అది ‘రిమెంబర్ శక్తి’గా మళ్ళీ కూడినప్పుడు, ఆయన పక్కన కూర్చుని మాండొలిన్ వాయించినది మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. కాబట్టి బ్రిస్టల్ పాటలో వినిపించే ఆ ముక్క వెనక్కి వెళ్తే అమెరికా జాజ్‌కు, ముందుకు వెళ్తే గోదావరి జిల్లాకు దారి చూపుతుంది.

పేరు, దాని ఇబ్బంది

‘ట్రిప్ హాప్’ అన్న పేరును 1994 జూన్‌లో ‘మిక్స్‌మ్యాగ్’ పత్రికలో ఆండీ పెంబర్టన్ అనే రచయిత వాడారు. ఆయన అప్పుడు మాట్లాడుతున్నది బ్రిస్టల్ గురించి కాదు. కాలిఫోర్నియాకు చెందిన డీజే షాడో, లండన్‌లోని ‘మో వాక్స్’ సంస్థ ద్వారా తెచ్చిన ఒక రికార్డు గురించి. హిప్ హాప్ లయకు స్వప్నావస్థ వంటి విహారం జోడైతే వచ్చే సంగీతమని ఆ పేరుకు భావం. పత్రికలు త్వరలోనే ఆ ముద్రను బ్రిస్టల్ వారందరికీ వేశాయి. ఆ కళాకారులలో చాలామంది ఆ పేరును ఇష్టపడలేదు. అందులో న్యాయముంది. పేరు పడగానే వస్తువు సరుకవుతుంది. సరుకైన మరుక్షణం నుంచి అది ఎక్కడ పండిందో ఎవరూ అడగరు.

ఒక సమస్య, రెండు పూరణలు

పాత రికార్డులోంచి కొన్ని సెకండ్ల ముక్కను యంత్రంలోకి ఎక్కించి, దాన్ని తిప్పి తిప్పి మోగిస్తూ కొత్త పాట కట్టే పద్ధతిని శాంప్లింగ్ అంటారు. దీనిని దొంగతనమని తీసిపారేసేవారు ఉన్నారు. తెలుగు సాహిత్యం చదివినవారికి దీన్ని అర్థం చేసుకునేందుకు మరో మార్గం అందుబాటులో ఉంది. అవధానంలో పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు. అవధాని మిగిలిన పాదాలు చెప్పి పద్యం పూర్తిచేస్తాడు. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం మారదు. అయినా పూరణ ముగిసేసరికి దాని అర్థం మారిపోతుంది. ఒకే సమస్యను ఇద్దరు కవులు పూరిస్తే రెండు వేరు పద్యాలు వస్తాయి.

బ్రిస్టల్ సంగీతంలో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. సోల్ గాయకుడు ఐజక్ హేస్ 1971లో ‘బ్లాక్ మోజెస్’ అనే జంట ఎల్పీ తెచ్చారు. అందులోని ‘ఐక్స్ ర్యాప్ 2’లో తీగవాద్యాల గుంపు మెల్లగా మెట్లు దిగుతున్నట్టు సాగే చిన్న స్వరపంక్తి ఉంది. 1994లో పోర్టిస్‌హెడ్ బృందం తమ ‘డమ్మీ’ ఆల్బమ్‌లో చివరి పాట ‘గ్లోరీ బాక్స్’కు దానినే పాదంగా తీసుకుంది. కొద్ది నెలల తేడాతో, 1995 ఫిబ్రవరిలో, ట్రికీ అనే కళాకారుడు ‘మాక్సిన్‌క్వే’ ఆల్బమ్‌లో ‘హెల్ ఈజ్ రౌండ్ ది కార్నర్’కు అదే పాదాన్ని తీసుకున్నారు.

పోర్టిస్‌హెడ్ చేతిలో ఆ పంక్తి ఒక స్త్రీ విసుగుకు, అభ్యర్థనకు నేపథ్యమైంది. గాయని బెత్ గిబ్బన్స్ గొంతు మొదట అలసినట్టు మొదలై, పోను పోను నిలదీస్తుంది. మధ్యలో ఏడ్రియన్ అట్లీ గిటార్ ఆ అలసటను చీల్చుకుని బయటికి వస్తుంది. అట్లీ స్వతహాగా జాజ్ గిటారిస్టు. గిబ్బన్స్‌కు, బృందంలో మూడో మనిషి జెఫ్ బారోకు పరిచయమైంది 1991లో, నిరుద్యోగులకు స్వయం ఉపాధి నేర్పే ఒక ప్రభుత్వ పథకం తరగతిలో. అంతకు ముందు బారో ఒక స్టూడియోలో చిన్న ఉద్యోగి. ‘బ్లూ లైన్స్’ తయారవుతున్న రోజులలో అక్కడ టేపులు అందిస్తూ ఉండేవారు.

ట్రికీ చేతిలో అదే పంక్తి పేదపేట రాత్రి అయింది. ఆయన అసలు పేరు ఏడ్రియన్ థాస్. బ్రిస్టల్ దక్షిణాన ఉన్న నోల్ వెస్ట్ పేటలో పెరిగారు. ఆయనకు నాలుగేళ్ళ వయసులో తల్లి మాక్సిన్ క్వే ఆత్మహత్య చేసుకున్నారు. ఆల్బమ్‌కు పెట్టుకున్నది ఆమె పేరే. ఆయన గొణుగుతున్నట్టు మాటలు పలుకుతుంటే, పక్కనే మార్టినా టాప్లీ బర్డ్ అనే యువతి నిర్మలమైన గొంతుతో పాడుతుంది. ఐజక్ హేస్ తీగలు ఇక్కడ మెట్లు దిగడం లేదు, నేలమాళిగలోనే తిరుగుతున్నాయి. ఈ రెండు పాటలను ఒకదాని వెనుక ఒకటి విన్నవారికి శాంప్లింగ్ కళ అవునా కాదా అన్న ప్రశ్నకు మరో సమాధానం అక్కర్లేదు.

బాకీ ఎవరికి

కళ అని ఒప్పుకున్నంత మాత్రాన బాకీ తీరదు. తెలుగు కావ్యాల అవతారికలో ఇష్టదేవతా ప్రార్థన తరువాత పూర్వకవి స్తుతి ఉండేది. తనకు ముందు నడిచినవారిని పేరు పేరునా తలచుకున్నాకే కవి తన కథలోకి దిగేవాడు. రికార్డు కవరు మీద చిన్న అక్షరాలతో అచ్చయ్యే కృతజ్ఞతల పట్టిక ఈ సంగీతానికి పూర్వకవి స్తుతి వంటిది. అది లేనిచోట ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చూద్దాం.

1969లో వాషింగ్టన్‌కు చెందిన ది విన్‌స్టన్స్ అనే బృందం ‘ఆమెన్, బ్రదర్’ అనే పాట రికార్డు చేసింది. అందులో డ్రమ్స్ వాయించే గ్రెగరీ కోల్‌మన్ ఆరేడు సెకండ్లపాటు ఒంటరిగా వాయిస్తారు. ఆ కొద్ది సెకండ్లే తరువాత హిప్ హాప్‌కు, ట్రిప్ హాప్‌తో పాటే బ్రిటన్‌లో పెరిగిన జంగిల్ సంగీతానికి మూలధనమయ్యాయి. వేలకొద్దీ రికార్డులలో ఆ దెబ్బలు వినిపిస్తాయి. కోల్‌మన్‌కు అందులోంచి పైసా రాలేదు. 2006లో ఇల్లూ వాకిలీ లేని స్థితిలో మరణించారు. బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో బ్రిటన్ అభిమానులు చందాలు పోగుచేసి 24,000 పౌండ్లు పంపారు. అది మంచి మనసుకు గుర్తే గాని, న్యాయం కాదు.

చట్టం మరోవైపు నుంచి వచ్చింది. 1991 డిసెంబరులో న్యూయార్కు న్యాయస్థానం ఒకటి, గిల్బర్ట్ ఓ సలివన్ పాటలోని ముక్కను అనుమతి లేకుండా వాడిన బిజ్ మార్కీ అనే ర్యాప్ కళాకారుడి కేసులో తీర్పు చెప్పింది. న్యాయమూర్తి తీర్పును బైబిల్‌లోని దొంగతనం కూడదన్న ఆజ్ఞతో మొదలుపెట్టారు. అప్పటినుంచి అనుమతులకు ధర పెరిగింది. దానివల్ల మూలకర్తలకు కొంత మేలు జరిగింది. అయితే హక్కులు సాధారణంగా రికార్డు సంస్థల చేతిలో, పాట రాసినవారి చేతిలో ఉంటాయి. లయ వాయించిన చేతికి ఏమీ దక్కని సందర్భాలే ఎక్కువ. చట్టం సొంతదారును గుర్తిస్తుంది, వాయించినవారిని మరిచిపోతుంది.

కళాకారులు దీనికి తమ తమ పరిష్కారాలు వెదికారు. పోర్టిస్‌హెడ్ వారు తామే కొత్తగా వాయించి, దాన్ని రికార్డుగా అచ్చువేయించి, అరగదీసి, గీతలు పడ్డాక ఆ రికార్డునుంచే ముక్కలు తీసుకునే పద్ధతిని పట్టారు. పాతదనాన్ని సొంతంగా తయారుచేసుకోవడమన్నమాట. డీజే షాడో 1996లో వెలువరించిన ‘ఎండ్‌ట్రొడ్యూసింగ్’ దీనికి పూర్తి విరుద్ధం. పూర్తిగా శాంపిళ్ళతోనే తయారైన తొలి ఆల్బమ్‌గా అది గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దాని అట్టమీద ఉన్నది శాక్రమెంటో నగరంలోని ఒక పాత రికార్డుల దుకాణం ఫొటో. మూలం ఎక్కడో దాచకుండా ముఖచిత్రం మీదే చూపిన ఆల్బమ్ అది.

పెద్దలను పిలిచి కూర్చోబెట్టినవారు

నాకు ఎక్కువ గౌరవం కలిగించేది మూడో మార్గం: ముక్కను తెచ్చుకోవడంతో ఆగకుండా మనిషినే పిలవడం. మాసివ్ అటాక్ తమ తొలి ఆల్బమ్ నుంచి జమైకా రెగ్గే గాయకుడు హొరేస్ ఆండీని పాడించుకున్నారు. తరువాతి ఆల్బమ్‌లన్నిటిలోనూ ఆ వణికే గొంతు ఉంది.

లండన్‌లో 1990లో మొదలైన నింజా ట్యూన్ సంస్థ ద్వారా వచ్చిన ది సినిమాటిక్ ఆర్కెస్ట్రా, 2002 నాటి ‘ఎవ్రీ డే’ ఆల్బమ్‌లో ఫోంటెల్లా బాస్‌ను పిలిచింది. ఆమె 1965లో ‘రెస్క్యూ మీ’ పాటతో అమెరికా అంతటా మారుమోగిన గాయని. ఆ పాట రచనలో తన భాగానికి గుర్తింపు దక్కలేదని ఆమె జీవితాంతం చెప్పుకున్నారు. తన గొంతును ఒక పెద్ద సంస్థ వ్యాపార ప్రకటనలో వాడుకున్నప్పుడు దావా వేసి పరిహారం రాబట్టుకున్నారు. అటువంటి మనిషి, అరవయ్యో పడిలో, తన కంటే చాలా చిన్నవాళ్ళైన ఇంగ్లండు సంగీతకారుల మధ్య తన పేరుతో, తన ఇష్టంతో పాడడం ఈ చరిత్రలో ఒక అందమైన మలుపు. ‘ఆల్ దట్ యూ గివ్’ వినండి. వయసు గొంతులో తెచ్చిన జీరను దాచే ప్రయత్నం ఎవరూ చేయలేదు.

జాజ్ సంస్థలలో పేరెన్నికగన్న బ్లూ నోట్ కూడా తన ఖజానా తలుపులు తెరిచింది. 1993లో అస్3 బృందం, 2003లో మ్యాడ్‌లిబ్ దాని అనుమతితోనే ఆ పాత రికార్డులను తిరగరాశారు. 2000లో ఫ్రాన్సు కళాకారుడు లుడోవిక్ నవార్, సెయింట్ జర్మేన్ అన్న పేరుతో, అదే సంస్థ నుంచి ‘టూరిస్ట్’ తెచ్చారు. అందులో ‘రోజ్ రూజ్’ పాటలో వినిపించే స్త్రీ గొంతు మార్లీనా షా 1973లో మాంట్రూ ఉత్సవంలో పాడిన ‘వుమన్ ఆఫ్ ది ఘెట్టో’ లోనిది. హోటళ్ళలో హాయిగా మోగే ఆ పాట అడుగున, పిల్లలను ఎలా పెంచాలో చెప్పమని చట్టసభల పెద్దలను నిలదీసే ఒక పేదపేట తల్లి ఉంది. ఆ సంగతి తెలిశాక పాట అదే అయినా హాయి మాత్రం కాస్త తగ్గుతుంది. తగ్గడమే మంచిది.

మన గొంతులు

దక్షిణాసియా ఈ కథలో అంచున నిలబడి చూడలేదు. 1990లో నుస్రత్ ఫతే అలీ ఖాన్ ‘మస్త్ మస్త్’ ఖవ్వాలీని మాసివ్ అటాక్ తమ బేస్ మీద నిలిపి తిరగరాసింది. అది ‘బ్లూ లైన్స్’ కంటే ముందు. 1990ల నడుమ లండన్‌లో తబలా వాద్యకారుడు తల్వీన్ సింగ్ ‘అనోఖా’ అనే వారంవారీ సభలు నడిపారు. ఆయన ‘ఓకే’ ఆల్బమ్‌కు 1999లో మెర్క్యురీ బహుమతి వచ్చింది. నాలుగేళ్ళ ముందు అదే బహుమతి ‘డమ్మీ’కి దక్కింది.

పరదేశంలో ఉన్న మనకు అన్నిటికంటే దగ్గరగా వచ్చే ఆల్బమ్ నితిన్ సాహ్నీ 1999లో తెచ్చిన ‘బియాండ్ స్కిన్’. 1998 నాటి అణుపరీక్షలను ప్రకటిస్తున్న ప్రధాని వాజ్‌పేయి గొంతుతో అది మొదలవుతుంది. గీతను ఉటంకిస్తున్న ఓపెన్‌హైమర్ గొంతుతో ముగుస్తుంది. మధ్యలో సాహ్నీ తండ్రి తాము ఇంగ్లండుకు ఎలా వచ్చారో చెబుతారు. అంతవరకు ఈ సంగీతంలో శాంపిల్ అంటే ఎవరి రికార్డులోనో దొరికిన ముక్క. ఇక్కడ అది సొంత ఇంట్లోని ముసలితండ్రి గొంతు. వలస వెళ్ళిన కుటుంబాలలో రాయని చరిత్ర అంతా ఇటువంటి గొంతులలోనే ఉంటుందని మనకు వేరే చెప్పనక్కర్లేదు.

విశ్రాంతి వ్యాపారం

ఇబీసా దీవిలోని కఫే దెల్ మార్ అనే సముద్రతీరపు బార్ పేరుతో 1994లో హోసే పదియా కూర్చిన తొలి సంకలనం వచ్చింది. సూర్యాస్తమయం వేళకు తగిన పాటలను ఏరి కూర్చడంలో ఆయన అభిరుచి నిజంగా గొప్పది. తరువాత దాని వెనుక వచ్చిన వందలాది ‘లౌంజ్’, ‘చిల్’ సంకలనాలు మాత్రం ఈ సంగీతాన్ని గోడకు వేసే రంగు స్థాయికి దించాయి. ఎవరు పాడారో, ఎక్కడివారో చెప్పని పాటలు. ఇప్పుడు చదువుకునే పిల్లలు గంటల తరబడి మోగించుకునే పేరులేని నెమ్మది లయలు వాటి వారసులే. ఆ ధోరణికి ఆదిపురుషులలో ఒకరిగా చెప్పే జపాన్ కళాకారుడు నుజబెస్ మాత్రం అలా పేరులేకుండా పనిచేయలేదు. 2010లో రోడ్డు ప్రమాదంలో అకాలమరణం పాలయ్యే వరకు, తన పాటలలో జాజ్ పెద్దలను శ్రద్ధగా వెదికి తెచ్చారు.

వైద్యులను కొందరు అడుగుతుంటారు, ఒత్తిడికి ఏ సంగీతం వినమంటారని. ఈ ఆల్బమ్‌లను మాత్రల చీటీలా రాసివ్వడం నాకు ఇష్టం లేదు. వీటిలో శాంతి ఉన్నమాట నిజం; అది బాధను ఎరిగినవారి శాంతి.

ఏమి వినాలి, ఎలా వినాలి

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా జంటలుగా వినమని: ముందు కొత్త ఆల్బమ్, ఆ వెంటనే దానికి అప్పిచ్చిన పాతది. ‘బ్లూ లైన్స్’ తరువాత బిల్లీ కోబమ్ ‘స్పెక్ట్రమ్’ వినండి. ‘డమ్మీ’, ‘మాక్సిన్‌క్వే’ రెండూ విన్నాక ఐజక్ హేస్ ‘బ్లాక్ మోజెస్’ను ఒక సాయంత్రం మొత్తం కేటాయించి వినండి. ‘ఎండ్‌ట్రొడ్యూసింగ్’లోని ‘మిడ్‌నైట్ ఇన్ ఎ పర్ఫెక్ట్ వరల్డ్’ నచ్చితే, దానికి పియానో ముక్క ఇచ్చిన డేవిడ్ యాక్సెల్‌రాడ్ ‘సాంగ్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ (1969) వెదకండి. అది విలియం బ్లేక్ కవితా సంపుటి ఆధారంగా చేసిన సంగీతం. సాహిత్యప్రియులకు రెట్టింపు లాభం. ‘ఎవ్రీ డే’ తరువాత ఫోంటెల్లా బాస్ యవ్వనంలో పాడిన ‘రెస్క్యూ మీ’ వింటే, ఒకే గొంతు మీదుగా సుమారు నలభై ఏళ్ళు ఎలా నడిచి వెళ్ళాయో తెలుస్తుంది. ‘టూరిస్ట్’కు జత మార్లీనా షా మాంట్రూ సభ. ‘బియాండ్ స్కిన్’కు జత మీ ఇంట్లో పెద్దల మాటలే, వారుండగానే రికార్డు చేసి పెట్టుకోండి. చివరగా నుజబెస్ ‘మోడల్ సోల్’ (2005), రాత్రి పని ముగించుకుని వచ్చేవేళకు.

బ్రిస్టల్ కథకు ఒక ముగింపు ఉంది. కోల్‌స్టన్ పేరున్నంత కాలం ఆ సభాభవనంలో తాము వాయించబోమని మాసివ్ అటాక్ ఏళ్ళ తరబడి పట్టుబట్టింది. తమ ఊరిలోని అతిపెద్ద సంగీత వేదికను అలా వదులుకోవడం చిన్న విషయం కాదు. 2020 జూన్ 7న జనం కోల్‌స్టన్ విగ్రహాన్ని తాళ్ళతో లాగి పడగొట్టి, ఒకప్పుడు అతని ఓడలు ఆగిన రేవులోనే పడేశారు. ఆ సెప్టెంబరులో భవనానికి బ్రిస్టల్ బీకన్ అని పేరు మార్చారు. గోడమీద ఉండకూడని ఒక పేరును తీసేయడానికి వందేళ్ళకు పైగా పట్టింది. రికార్డు కవరు మీద ఉండవలసిన పేర్లను చదవడానికి మనకు పట్టేది రెండు నిమిషాలు. గ్రెగరీ కోల్‌మన్, లెస్ మెకాన్, మార్లీనా షా, బిల్లీ కోబమ్. పాట మొదలుపెట్టే ముందు ఆ పేర్లు ఒకసారి చదువుకుంటే, పూర్వకవి స్తుతి పూర్తయినట్టే.